720720 ఒక్కదానితో వారం రోజులు

ఫ్రెండ్స్, నంబర్ సిస్టమ్ అనగానే టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ రోజుకు యాభై బిట్లు చేసేవాణ్ని, తెల్లారేసరికి ఏ సూత్రం ఎక్కడ వాడాలో మళ్లీ కలగాపులగం అయ్యేది. ఒక మాక్ టెస్టులో 720720కి సరి కారణాంకాలు ఎన్ని అని అడిగారు. మొత్తం 240 అని సరిగ్గానే కట్టాను, అందులో సగం సరి, సగం బేసి అయ్యుంటాయిలే అనుకుని 120 పెట్టేశాను. తప్పు. ఎందుకు తప్పో తేలేదాకా వదలకూడదని కూర్చుంటే, ఆ ఒక్క సంఖ్యతోనే వారం గడిచింది.

ముందు విడగొట్టడం. 720 రెండుసార్లు పక్కపక్కనే ఉంది చూడండి, ఏ మూడంకెల సంఖ్యనైనా అలా రెండుసార్లు రాస్తే దాన్ని 1001తో గుణించినట్టే, ఆ 1001 ఏమో 7 × 11 × 13. ఇక 720 అంటే 6 ఫ్యాక్టోరియల్, 2⁴ × 3² × 5. ఒక్క భాగహారం కూడా చేయకుండా మొత్తం విడిపోయింది! నాకు ఈ లెక్కల మీద ఇష్టం పుట్టింది అక్కడే.

ఘాతాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240, ఇది అందరికీ వచ్చు. కానీ ఆ 5 ఎక్కడిది? కారణాంకం తయారుచేసేటప్పుడు 2ని అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి నుంచి నాలుగుసార్ల దాకా తీసుకోవచ్చు, మొత్తం ఐదు దారులు. బేసి కావాలంటే 2ని ముట్టుకోకూడదు, అంటే ఒకటే దారి. అందుకే బేసివి 48, సరివి 192. సగం సగం రావాలంటే 2 ఘాతం ఒకటే ఉండాలి, నేను ఆ సంగతి చూడలేదు.

ఇది అర్థమయ్యాక మిగతావి వాటంతటవే వచ్చాయి. పరిపూర్ణ వర్గాలైన కారణాంకాలు ఆరే: 1, 4, 9, 16, 36, 144. దీన్ని పరిపూర్ణ వర్గం చేయాలంటే జత లేని 5, 7, 11, 13ల లబ్ధం 5005తో గుణించాలి.

క.సా.గు. సంగతి ఇంకా బాగుంటుంది. 1 నుంచి 16 వరకు సంఖ్యల క.సా.గు. సరిగ్గా 720720. కాబట్టి 2 నుంచి 16 వరకు దేనితో భాగించినా శేషం 1 వచ్చే సంఖ్యల్లో, 1ని పక్కన పెడితే, అతి చిన్నది 720721. 15 దాకా అయితే క.సా.గు. 360360 చాలు, 16కి నాలుగో 2 కావాలి కాబట్టి రెట్టింపైంది. 17 కొత్త ప్రైమ్ కాబట్టి దానితో గుణించి 12252240 చేయాల్సిందే, 18కి మాత్రం ఏమీ కలపక్కర్లేదు.

ఈ రాత్రికి 360360 తీసుకుని ఇవన్నీ మళ్లీ కట్టండి. మొత్తం కారణాంకాలు 192కి తగ్గుతాయి, బేసివి మాత్రం 48 దగ్గరే ఉంటాయి, ఎందుకో సూత్రం చూడకుండా మీ మాటల్లో చెప్పుకోండి.