మర్నాడు ఏం చేశారు?

2017 అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున, డెట్రాయిట్ శివార్లలో మేముండే ఊళ్లో సంతకు వెళ్లాను. చలి ముదిరే ముందు అక్కడ మంచి వంకాయలు దొరుకుతాయి. సంత మొదట్లోనే ఒక పెద్దావిడ అట్టకు బిగించిన కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. మిషిగన్ ఓటరేనా అని అడిగింది. కాదండీ, వీసా మీద ఉన్నాను అన్నాను. అక్కడితో వచ్చేస్తే ఈ కథ లేదు. ఏం సంతకాలండీ అని అడిగాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇక్కడ నియోజకవర్గాల గీతలు గీసేది రాష్ట్ర శాసనసభే. అంటే గెలిచినవాళ్లే తాము మళ్లీ గెలిచేలా గీసుకోవచ్చు. 2012లో మిషిగన్‌లో అమెరికా పార్లమెంటు అభ్యర్థులకు పడ్డ ఓట్లన్నీ కలిపితే డెమోక్రాట్లకే ఎక్కువ వచ్చాయి, కానీ 14 సీట్లలో 9 రిపబ్లికన్లకు వెళ్లాయి. ఇంకో రాష్ట్రంలో ఇదే పని డెమోక్రాట్లూ చేశారని కూడా ఆవిడే చెప్పింది. ఆ గీతలు గీసే అధికారాన్ని మామూలు పౌరుల కమిషన్‌కు ఇవ్వాలని రాజ్యాంగ సవరణ కోసం సంతకాలు. కావలసినవి 3,15,654.

నాకు ఒళ్లు మండింది. "ఇంత అన్యాయం మా దగ్గర జరిగితే లక్షల మంది రోడ్డెక్కేవాళ్లు. మీరు సంతలో నిలబడి సంతకాలు అడుగుతున్నారు" అన్నాను. అంతటితో ఆగకుండా 2011 మార్చి 10న తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్‌లో ఉన్నానని, బ్యారికేడ్లు దాటుకుని ట్యాంక్‌బండ్ మీదకు ఎలా చేరామో చెప్పాను. ఆవిడ అంతా విని, "చాలా బాగుంది. మర్నాడు ఏం చేశారు?" అని అడిగింది.

వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు హాస్టల్లో పడుకున్నాం. కాళ్లు నొప్పులు. పేపర్లలో మేం ఎక్కడైనా కనిపిస్తామేమోనని వెతికితే, మా డిమాండ్ కంటే కూలిన విగ్రహాలే పెద్దగా కనిపించాయి.

ఇంటికి వస్తుంటే దారంతా ఆవిడతో మనసులో వాదించాను. మా ఉద్యమం గురించి ఈమెకేం తెలుసు? సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణి ఆగింది, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. రాష్ట్రం వచ్చింది. ఇక్కడ శనివారం రెండు గంటలు బోర్డులు పట్టుకుని, ఫుట్‌పాత్ దిగకుండా నడిచి, ఇంటికెళ్లి భోంచేసేవాళ్లా మనకు చెప్పేది? మనవాళ్ల కష్టాన్ని ఎవరో తేలిక చేసినట్టు అనిపించింది. ఆ వారమంతా ఆఫీసులో బ్రేకుల సాఫ్ట్‌వేర్ టెస్టులు నడుస్తున్నా, నా బుర్రలో మాత్రం ఆ ఒక్క ప్రశ్నే.

తర్వాతి శనివారం జవాబు చెప్పడానికే సంతకు వెళ్లాను. ఆవిడ డెట్రాయిట్ బడుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. సకల జనుల సమ్మె గురించి శ్రద్ధగా విన్నది. "42 రోజులు జీతాల్లేకుండా ఇళ్లు ఎలా గడిచాయి? ఆ లెక్క ఎవరు చూశారు?" అని అడిగింది. మళ్లీ అదే రకం ప్రశ్న. అప్పుడు తన సంగతి చెప్పింది.

ఆవిడ పుట్టింది అలబామాలోని మోంట్‌గోమరీలో. 1955 డిసెంబర్‌లో ఎనిమిదేళ్ల పిల్ల. రోజా పార్క్స్ కథ నాకూ తెలుసు అనుకున్నాను: బస్సులో తెల్లవాళ్ల కోసం సీట్లోంచి లేవలేదు, అరెస్టు చేశారు, నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారు, గెలిచారు. టీచరమ్మ చెప్పింది వీటి మధ్య ఉన్న కథ. అరెస్టయిన ఆ రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ లెక్చరర్ సైక్లోస్టైల్ మిషన్ దగ్గర తెల్లవార్లూ కూర్చుని వేలకు వేలు కరపత్రాలు తీసింది. ఒక్కరాత్రిలో పుట్టిన ఆలోచన కాదది. బస్సుల్లో పద్ధతి మార్చకపోతే బహిష్కరణ తప్పదని 1954 మేలోనే ఆమె నగర మేయర్‌కు ఉత్తరం రాసింది. సోమవారం ఒక్కరోజు అనుకున్న బహిష్కరణ 381 రోజులు నడిచింది.

అన్ని రోజులు పనికి ఎలా వెళ్లారు? దాదాపు 300 సొంత కార్లు వంతులు వేసుకుని తిరిగాయి. పోలీసులు అడుగడుగునా ఆపి జరిమానాలు రాశారు, కార్ల ఇన్సూరెన్సులు రద్దయ్యాయి. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ, ఇంకొందరు ఆడవాళ్లు కోడికూర, తీపి పైలు చేసి అమ్మి ఆ డబ్బు పెట్రోలుకు ఇచ్చారు. ఏ మూల ఎన్ని గంటలకు కారు ఆగుతుందో రాసిన కాగితం టీచరమ్మ వాళ్ల వంటింటి గోడకు ఉండేదట. వాళ్లమ్మ ఇళ్లల్లో పని చేసుకుని కారు దొరకని రోజున నడిచి వచ్చేది. తొట్టిలో వేడినీళ్లలో పాదాలు పెట్టుకుని, ఆ కాగితం తీసుకురమ్మనేది. రేపు కారు ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి కదా. ఉద్యమం అంటే ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది ఆ తొట్టి, ఆ కాగితమే అంది టీచరమ్మ.

నాలో ఇంకా రోషం చావలేదు. ఇదంతా మా గాంధీ నేర్పిందే కదా అన్నాను. అవునని ఒప్పుకుంది. జేమ్స్ లాసన్ అనే పాస్టర్ 1953 నుంచి మూడేళ్లు నాగపూర్‌లో ఉండి సత్యాగ్రహం గురించి చదువుకుని తిరిగొచ్చాడు. నాష్‌విల్‌లో విద్యార్థులను చర్చి గదుల్లో కూర్చోబెట్టి వారాల తరబడి తిట్లు తినడం ప్రాక్టీసు చేయించాడు. ఒకడు తిడతాడు, జుట్టు లాగుతాడు, ముఖం మీద సిగరెట్ పొగ ఊదుతాడు. ఇంకొకడు చెయ్యెత్తకుండా కూర్చోవాలి. కూర్చోలేనివాడు హోటళ్ల దగ్గర సత్యాగ్రహానికి పోకూడదు. 1960 మేలో ఆ ఊళ్లో హోటళ్లు నల్లవాళ్లకూ వడ్డించడం మొదలుపెట్టాయి. మా హాస్టల్లో మేం నినాదాలు ప్రాక్టీసు చేశాం, లాఠీలు తిన్నాం. పక్కనున్నవాడు రాయి తీస్తే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద మాకు అదే తెలియలేదు.

నాకు సంతకం పెట్టే అర్హత లేదు, సేకరించే అర్హతా లేదు. "ఎక్సెల్ వచ్చా?" అంది టీచరమ్మ. ఆ విధంగా వారానికి రెండు సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా లైబ్రరీ గదికి వెళ్లడం మొదలైంది. "గ్రీన్ కార్డు లైన్లో ఉండి మనకెందుకురా ఇవన్నీ" అని రూమ్మేట్ టెన్షన్ పడ్డాడు. వాడి భయం తప్పు కాదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సామాను సర్దుకోవాల్సిన వాళ్లం. అయినా వెళ్లాను.

పని ఇంతే: ఒక్కో కాగితం చూడాలి. సంతకం ఉండి తేదీ లేకపోతే పక్కన పెట్టాలి. చిరునామా సగమే ఉంటే గుర్తు పెట్టాలి. సేకరించినవాళ్లు చివర వేసే తేదీ పైన సంతకాల తేదీలకంటే ముందుదైతే ఆ సంతకాలు చెల్లవు. వానకు తడిసి ఉబ్బిన కాగితాలు, కాఫీ మరకలు, వణికే చేతుల రాతలు. మొదటి వారం చాలా విసుగొచ్చింది. రెండో వారంలో ఒక కాగితం మీద వరసగా ఒకే ఇంటిపేరుతో నాలుగు సంతకాలు కనిపించాయి. ఇంట్లో అందరూ భోజనాల బల్ల చుట్టూ నిలబడి పెట్టి ఉంటారు అనిపించింది. ఆ తర్వాత ఆ కాగితాలు వట్టి కాగితాల్లా కనిపించలేదు.

అసలు ఇదంతా మొదలైంది 2016 ఎన్నికల తర్వాత కేటీ ఫేహీ అనే ఇరవై ఏడేళ్ల అమ్మాయి ఫేస్‌బుక్‌లో పెట్టిన చిన్న పోస్టుతో. వోటర్స్ నాట్ పొలిటీషియన్స్ అని పేరు పెట్టుకుని ఊరూరా సభలు పెట్టి, ఏం కావాలో ముందు జనాన్నే అడిగి, తర్వాత సవరణ రాశారు. డబ్బులిచ్చి సంతకాలు చేయించడం ఇక్కడ మామూలే. వీళ్లు మాత్రం మొత్తం వాలంటీర్లతో నాలుగు నెలల్లో 4,25,000 పైగా తెచ్చారు. 2018 నవంబర్‌లో ఆ సవరణకు 61 శాతం ఓట్లు పడ్డాయి. నలుగురు డెమోక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందని ఐదుగురు: కమిషన్‌కు ఈ పదమూడు మందిని దరఖాస్తుల్లోంచి లాటరీ తీశారు.

అంతటితో అన్నీ చక్కబడలేదు. కమిషన్ గీసిన డెట్రాయిట్ ప్రాంతపు 13 నియోజకవర్గాలను, జాతిని లెక్కలోకి తీసుకుని గీశారంటూ 2023 చివర్లో ఫెడరల్ జడ్జీలు కొట్టేశారు. మళ్లీ గీయాల్సి వచ్చింది. టీచరమ్మ ఆ తీర్పు తప్పని అనలేదు. డెట్రాయిట్‌లో నల్లవాళ్ల మాట ముందే వినాల్సింది అంది. కొత్త గీతల మీద 2022లో రాష్ట్ర శాసనసభలో రెండు సభలూ డెమోక్రాట్లకు వచ్చాయి, 2024లో ప్రతినిధుల సభ మళ్లీ రిపబ్లికన్లకు పోయింది. సీట్లు చేతులు మారుతున్నాయి. కావలసింది అదే కదా.

మనల్ని మనం తక్కువ చేసుకోవాల్సిన పనీ లేదు. ఓటు విషయంలో ఇక్కడివాళ్లు మన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మంగళవారం పోలింగ్, చాలామందికి సెలవుండదు. మా ల్యాబ్ టెక్నీషియన్ డ్యూటీ దిగి వెళ్లి రెండు గంటలు లైన్లో నిలబడింది. జార్జియాలో లైన్లో ఉన్నవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడం కూడా నేరమని 2021లో చట్టం చేశారు. మా నాయనమ్మకు స్లిప్పు ఇంటికొచ్చేది, బూత్ మా వాడలోనే, వేలి మీద సిరా ఆరకముందే ఇంటికి వచ్చేది. గీతలు గీయడానికి మనకు డీలిమిటేషన్ కమిషన్ ఉంది, ఎమ్మెల్యేలు సొంతంగా గీసుకోలేరు. కానీ కొత్త డీలిమిటేషన్‌తో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయని భయపడుతున్న మనం, ఊరూరా సభ పెట్టి జనం ఏమనుకుంటున్నారో రాసుకున్నామా? టీవీ చర్చలే చూస్తున్నాం. ఇది రాస్తుంటే టీచరమ్మ గొంతే వినిపిస్తోంది.

2017 నవంబర్‌లో ఒక ఆదివారం అమ్మతో ఫోన్లో ఈ కాగితాల పని గురించి చెప్పాను. అమ్మ అంగన్‌వాడీ టీచర్. మా మండల కేంద్రంలో రిలే దీక్షల టెంటు నెలల తరబడి నడిచింది, అమ్మ అందులో కూర్చునేదని తెలుసు. అంతకుమించి నేనెప్పుడూ అడగలేదు.

"మా టెంటుకు గూడ బుక్కు ఉండె బిడ్డా. ఏ దినం ఎవలు కూసుంటరో రాయకపోతే ఎట్ల? నాట్లప్పుడు ఆడోళ్లు రారాయె, అప్పుడు మొగోళ్ల పేర్లు రాసేది."

"ఎవరు రాసేవాళ్లే?"

"నేనే రాసేది. ఇంకెవలు రాస్తరు?"

బీరువా కింద నుంచి వెతికి తీసి, రెండు పేజీలు ఫోటో తీసి పంపింది. లాంగ్ నోట్‌బుక్, ఎర్ర గీత పక్కన తేదీలు. 10-3-2011 కింద ఏడు పేర్లు, ఏడూ ఆడవాళ్లవే. మగవాళ్లంతా ఆ రోజు హైదరాబాద్‌లో మాతో ఉన్నారు. ఒక పేరు కొట్టేసి పక్కన "జరం" అని రాసి, ఇంకో పేరు చేర్చింది. కింద 11-3-2011. ఐదు పేర్లు.

శనివారం ఆ ఫోటో టీచరమ్మకు చూపించి, పేర్లు చదివి వినిపించాను. కళ్లద్దాలు సవరించుకుని ఫోను తన చేతిలోకి తీసుకుంది. ఆ ఐదు వరసల మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరుపుతూ అడిగింది.

"ఇందులో మీ అమ్మ పేరు ఏది?"

మూడోది అని చూపించాను.