మత్తడి మీద కొలకర్ర (స్టాఫ్) పెట్టాకే బఫర్ తేలింది: చెరువు పక్క స్థలానికి ఎన్‌ఓసీ, నా అనుభవం

చెరువు పక్కన స్థలం ఉందనగానే ఎవరైనా "చెరువుకు ఎన్ని మీటర్లు?" అని అడుగుతారు. నేనూ టేపు పట్టుకునే మొదలుపెట్టాను. అడగాల్సింది "మత్తడి కంటే ఎంత ఎత్తులో?" అని తెలిసేసరికి సగం పని ఆలస్యమైంది. చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పొర్లే రాతికట్టే మత్తడి. హైదరాబాద్ శివారులో అర ఎకరం స్థలానికి నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకున్న క్రమం ఇది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ కాగితం అడగని కొనుగోలుదారు నాకు కనబడలేదు.

ముందు నిబంధన. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ (చెరువు నిండుగా ఉన్నప్పటి నీటిమట్టం) లోపల, శిఖం భూమిలో (రికార్డుల్లో చెరువు గర్భంగా ఉన్న నేల) ఏ నిర్మాణమూ కుదరదు. ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి బయటికి, 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. ఈ ఖాళీనే బఫర్ అంటారు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నదికి మున్సిపాలిటీ పరిధిలో 50, బయట 100. 10 హెక్టార్లంటే మన లెక్కలో 24 ఎకరాల 28 గుంటలు. పహాణీలో (రెవెన్యూ సాగు రికార్డు) శిఖం 18 ఎకరాలే ఉంది కాబట్టి 9 మీటర్లు చాలనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. చెరువు నిండితే నీళ్లు శిఖం దాటి పట్టా భూముల్లోకీ వస్తాయి. ఆ మొత్తం నీటి విస్తీర్ణం 25 ఎకరాలైతే బఫర్ 30 మీటర్లే. ఎఫ్‌టీఎల్‌లో ఉన్న పట్టా పట్టాగానే ఉంటుంది, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టలేం.

మొదటి పని, ఏ చెరువో తేల్చుకోవడం. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం వారీగా లేక్ ఐడీ, ఎఫ్‌టీఎల్ మ్యాపు ఉంటాయి. ఒకే చెరువు రెండు గ్రామాల్లో రెండు పేర్లతో ఉండటం మామూలే కాబట్టి పేరుతో కాదు, సర్వే నంబర్లతో వెతకాలి. ఎఫ్‌టీఎల్ హద్దు నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నది తప్పక చూడాలి. ప్రాథమికమైతే అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది. ఆ మ్యాపును గ్రామ నక్షా (సర్వే నంబర్ల పటం) మీద పెట్టి చూసి అక్కడే తీర్పు చెప్పుకోకూడదు. 1:5000 స్కేలు నక్షాలో అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద రెండున్నర మీటర్లు. చిన్న నాలాకు వదలాల్సిన 2 మీటర్లు ఆ గీత మందంలోనే పోతాయి.

రెండోది, ఆ చెరువు హైడ్రాలిక్ పర్టిక్యులర్స్. నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్, గరిష్ఠ నీటిమట్టం అంటే ఎండబ్ల్యూఎల్, కట్ట పైమట్టం, మత్తడి పొడవు, నీటి విస్తీర్ణం ఒకే పట్టికలో ఉంటాయి. అడిగితే ఇస్తారు, లేదంటే సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. ఈ కాగితం లేకుండా సర్వేకు పోతే కొలిచేవాళ్లు దేన్ని ఆధారం చేసుకున్నారో మనకు తెలియదు.

అసలు పని మూడోది. చెరువు నిండి మత్తడి మీదుగా నీళ్లు దూకబోయే మట్టమే ఎఫ్‌టీఎల్. అంటే మత్తడి పైమట్టాన్ని మన స్థలం దాకా మోసుకురావాలి. లైసెన్సు ఉన్న సర్వేయరును, ఆటో లెవెల్ మిషన్‌ను (ఎత్తుల తేడా కొలిచే దుర్బిణి) పెట్టుకున్నాను. మత్తడి మట్టాన్ని 100.000 మీటర్లుగా అనుకుని, మజిలీలు వేసుకుంటూ స్థలం దగ్గరికి వచ్చాం. చివరి సెటప్‌లో మిషన్ చూపు మట్టం (దుర్బిణి చూసే గీత ఎత్తు, అందులోంచి స్టాఫ్ రీడింగు తీసేస్తే నేల మట్టం) 100.845 వచ్చింది. తూర్పు మూలన స్టాఫ్ మీద 0.615 చదివితే ఆ నేల 100.230, ఎఫ్‌టీఎల్ కంటే 23 సెంటీమీటర్ల పైన. దక్షిణం మూలన 0.930 వచ్చింది, అంటే 99.915, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కింద. ఇక స్టాఫ్ పట్టుకున్న మనిషిని నడిపిస్తూ 0.845 కనబడిన ప్రతిచోటా ఒక పెగ్ కొట్టించాం. ఆ పెగ్గుల వరసే ఎఫ్‌టీఎల్ గీత. వంకర్లు తిరిగి దక్షిణం మూలను కోసుకుంటూ పోయింది. తర్వాత మళ్లీ మత్తడి దాకా లెవెల్ తీసి, మొదటి మట్టంతో సరిచూసి మూసుకోవాలి. రానూపోనూ కిలోమీటరున్నర పనిలో తేడా 15 మిల్లీమీటర్లు దాటితే మొత్తం మళ్లీ కొలవడమే.

ఇంత పట్టింపు ఎందుకంటే, నేల వాలు వందకు ఒకటి ఉన్నచోట మట్టంలో 10 సెంటీమీటర్ల తప్పు జరిగితే గీత 10 మీటర్లు జరుగుతుంది. వాలు రెండువందలకు ఒకటైతే 20 మీటర్లు. ఆ తప్పు మత్తడి దగ్గరే పుడుతుంది. మధ్యలో రాళ్లు ఊడి అరిగిన చోట స్టాఫ్ పెడితే ఎఫ్‌టీఎల్ తగ్గిపోతుంది, మనకు లాభంగా కనబడుతుంది కానీ జాయింట్ సర్వేలో నిలబడదు. ఎవరో ఇసుక బస్తాలు, సిమెంటు దిమ్మెలు వేసి ఎత్తు పెంచిన చోట పెడితే గీత మన మీదికి వస్తుంది. చివర్లలో చెక్కుచెదరని రాతికట్టు మీద, కనీసం మూడు చోట్ల చూసి, పట్టికతో సరిపోల్చుకోవాలి. మట్టి పోసి స్థలం ఎత్తు చేస్తే బయటపడతామనే సలహా చాలామంది ఇస్తారు. గీత పాత నేల మట్టం, పాత రికార్డుల మీద ఉంటుంది. పోసిన మట్టి హద్దును జరపదు, పైగా పూడ్చినట్టు సాక్ష్యమవుతుంది.

కట్ట వెనక, ఆయకట్టు వైపు స్థలాలవాళ్లు తమ నేల ఎఫ్‌టీఎల్ కంటే కింద ఉందని కంగారుపడతారు. నీళ్లను కట్ట ఆపుతోంది కాబట్టి అది ఎఫ్‌టీఎల్ కాదు. వాళ్లు చూసుకోవాల్సింది మత్తడి నుంచి దిగే వాగును.

దరఖాస్తుకు సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం లావాదేవీల ధ్రువపత్రం), పహాణీ, టిప్పన్ (సర్వే నంబరు కొలతల కాగితం), నక్షా, అక్షాంశ రేఖాంశాలతో స్కెచ్ జతచేశాను. జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు నీటిపారుదల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), మండల సర్వేయరు ఒకే రోజు రావాలి. వేర్వేరు రోజుల్లో వస్తే ఒకరు మట్టం, ఇంకొకరు సర్వే రాయి ఆధారంగా రెండు స్కెచ్‌లు గీస్తారు. అవి కలవకపోతే ఫైలు పైకి పోకుండా తిరిగొస్తుంది. ఒకే స్కెచ్ మీద ఇద్దరి సంతకాలూ అక్కడే అడగడం మంచిది. బఫర్‌ను ఒక పెగ్ నుంచి మాత్రమే కొలవనివ్వొద్దు. గీత ప్రతి వంకర నుంచీ, వాలు వెంబడి కాకుండా టేపు సమంగా పట్టి, లంబంగా కొలవాలి. నా స్థలం లోపలికి బాగా వచ్చిన గీత వంకర ఒక్కటే బఫర్‌లో అదనంగా నాలుగు మీటర్లు తీసుకుంది.

ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరం వేసేవాళ్లు "మా స్థలం చెరువులో లేదు" అని రాస్తే ఉపయోగం లేదు. మత్తడి మట్టం, ప్రతి మూల మట్టం, మూసిన తేడాతో సహా లెవెల్ పుస్తకం నకలు పెట్టాలి. కాలనీ అంతా కలిసి ఒకే కాంటూరు మ్యాపుతో (సమాన ఎత్తు గీతల పటం) వేస్తే ఖర్చు తగ్గుతుంది, ఇంటికో గీత వచ్చే గందరగోళమూ ఉండదు. వదిలిన బఫర్ లేఅవుట్‌లో వృథా కాదు. ఖాళీ స్థలం, పిల్లల ఆట స్థలం లెక్కలో చేరుతుంది, వీలున్నచోట 12 మీటర్ల రోడ్డూ వేయొచ్చు. సెట్‌బ్యాక్‌ కింద మాత్రం చూపకూడదు.

ఎన్‌ఓసీ చెప్పనిది ఒకటుంది. మత్తడి మీద అరవై సెంటీమీటర్ల మందాన నీళ్లు దూకుతున్నప్పుడు చెరువు ఎఫ్‌టీఎల్ కంటే అరవై సెంటీమీటర్ల పైనే ఉంటుంది. వందకు ఒకటి వాలులో అది 60 మీటర్ల దూరం, అంటే చట్టం చెప్పిన 30 మీటర్లు పూర్తిగా మునిగి ఇంకో 30 మీటర్లు లోపలికి. బఫర్ దాటి కట్టిన ఇల్లు చట్టానికి సరిపోతుంది, నీటికి సరిపోవాలని లేదు. అందుకే పట్టికలోని ఎండబ్ల్యూఎల్ తీసుకుని, దానికి 45 సెంటీమీటర్లు కలిపి ప్లింత్ (ఇంటి పునాది పైభాగం) మట్టం పెట్టించాను. సెప్టిక్ ట్యాంకు మూత, బోరు కేసింగ్ పైఅంచు, కరెంటు మీటరు బోర్డు కూడా ఆ మట్టానికి పైనే.

ఎన్‌ఓసీ వచ్చాక చివరి పని బఫర్ గీత మీద రాళ్లు పాతించడం. ప్రతి రాయి పక్కన స్టాఫ్ నిలబెట్టి రీడింగు కనబడేలా ఫొటో తీసి, స్కెచ్ వెనక అంటించి ఫైల్లో పెట్టాను.