ఇల్లు అని వెతికితే ఇంట్లో కూడా దొరకాలి

ఆదివారం, రాత్రి

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు మీద ఈ రోజు సోలర్ అనే, ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే సర్వర్ పెట్టాను. వికీసోర్స్ నుంచి దించుకున్న తెలుగు పుస్తకాలు ఫోల్డర్ నిండా ఉన్నాయి. ఏ మాట ఎక్కడుందో ఇట్టే చెప్పే ఏర్పాటు ఇంట్లోనే ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక.

ఇన్‌స్టాల్ చేయడం తేలికే. జావా 17 ఎక్కించి, సోలర్ 9తో పాటే వచ్చే సర్వీస్ స్క్రిప్టును సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపాను. సోలర్ పేరుతో ఒక యూజర్‌ను తనే తయారుచేసి, ఫైళ్లన్నీ వాటి చోట్లలో సర్దేసింది. తెరవగల ఫైళ్ల పరిమితి 1024 ఉంది, 65000 ఉండాలని హెచ్చరిక వస్తే పెంచాను. జావాకిచ్చే మెమరీని, అంటే హీప్‌ను, మాత్రం 512 ఎంబీ నుంచి పెంచి 1 జీబీ దగ్గరే ఆపాను. ర్యామ్ అంతా జావాకే ఇచ్చేయకూడదు. మాటల పట్టిక ఉండే ఇండెక్స్ ఫైళ్లను లినక్స్ మిగిలిన ర్యామ్‌లోని తన క్యాష్‌లో ఉంచుకోగలిగితేనే వెతకడం వేగంగా జరుగుతుంది. సోలర్‌ను చేరే దారి, 8983 పోర్టు, ఈ మెషీన్‌కి మాత్రమే తెరిచి ఉంది, అలాగే ఉంచాను. పాస్‌వర్డ్ లేని సర్వర్‌ను వైఫైలో అందరికీ తెరిచిపెట్టడం నాకు నచ్చదు.

భోజనాలయ్యాక నాన్న వచ్చి కూర్చున్నారు. "ఏటి గట్టు వర్ణన ఎక్కడో చదివాన్రా, వెతుకు" అన్నారు. ఏరు అని కొట్టాను. అచ్చంగా ఏరు అని ఉన్నవే వచ్చాయి. చివర నక్షత్రం గుర్తు పెడితే ఏరుకోవడాలు కూడా వచ్చిపడ్డాయి కానీ ఏటి మాత్రం రాలేదు.

ఇండెక్స్‌లో ఒక్కో మాటకీ ఎదురుగా అది ఉన్న చోట్ల జాబితా ఉంటుంది. అక్షరం మారితే సోలర్‌కి అది వేరే మాటే. దీని లోపల పనిచేసే లూసీన్‌లో వెర్షన్ 9 నుంచి తెలుగు ప్రత్యయాలను కత్తిరించే ఫిల్టర్ ఉంది. ఎవరు రాశారో గానీ వాళ్లకి నిండుగా కృతజ్ఞతలు. కానీ ఇంట్లో చివర ఎంత కత్తిరించినా ఇల్లు అవదు కదా!

"అవి ఔపవిభక్తికాలు, బళ్లో చదివావు" అన్నారు నాన్న. నిజమే: ఇల్లు, ఇంటి; ఏరు, ఏటి; నోరు, నోటి. ఇక కత్తిరింపు మానేసి పర్యాయపదాల ఫైల్ తెరిచాను. ఒక మాట రూపాలన్నీ ఒకే వరసలో రాయాలి. ఆ ఫైల్‌ను వెతికేటప్పుడు మాత్రమే చూసేలా పెడితే, కొత్త మాట చేర్చినప్పుడల్లా పుస్తకాలన్నీ మళ్లీ ఇండెక్స్ చేయక్కర్లేదు, ఇండెక్స్, దాని సెట్టింగులు కలిసి ఉండే కోర్‌ను రీలోడ్ చేస్తే చాలు.

ఈసారి ఏటి వచ్చింది, దాంతో పాటు "ఈ ఏటి పంట" కూడా వచ్చింది. ఏడాది అనే అర్థమున్న ఏడుకీ అదే రూపం మరి. గట్టు అనే మాట కూడా చేర్చి, రెండూ దగ్గరగా ఉన్న చోట్లే చూపమన్నాను. నాన్న అడిగిన పేజీ దొరికింది.

ఆ తర్వాత ఆయన చెబుతుంటే టైప్ చేశాను: కన్ను, కంటి, కంట్లో, కళ్ళు. ఊరు, ఊరి, ఊళ్ళో, ఊళ్ళు. చెయ్యి దగ్గర ఆగాం. క్రియ కూడా అదే కాబట్టి దాన్ని ఫైల్లో చేర్చాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.