స్టేటస్ అనే ఆ గడి

పాట సగంలో ఆగిపోయింది. ఒక బీప్, వెంటనే తెలుగులో వరద హెచ్చరిక. ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే లైన్ తీసేసి స్పీకర్‌కే కలిపాం కాబట్టి సరిపోయింది, గాల్లోకి వెళ్లలేదు. అయినా నా చేతులు వణికాయి.

తిరుపతిలో మా రేడియో స్టేషన్‌లో అలర్ట్ పెట్టె బిగిస్తున్నాం. ప్రమాద హెచ్చరిక వస్తే పాట ఆపి దాన్ని చదివే పెట్టె అది. హెచ్చరికలు క్యాప్ (కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్) అనే పద్ధతిలో వస్తాయి. అలా వచ్చే ప్రతి మెసేజ్‌లో స్టేటస్ అని ఒక గడి ఉంటుంది. 'యాక్చువల్' అంటే నిజం, 'టెస్ట్' అంటే పరీక్ష. ఇవాళ పెట్టె ఆ గడి చూడకుండానే టెస్ట్‌ని చదివేసింది. సెట్టింగ్‌లో ఒక్క టిక్ మర్చిపోయాం, అంతే.

2021 నవంబర్ గుర్తొచ్చింది. స్వర్ణముఖి పొంగుతోంది. రాయలచెరువు కట్ట తెగిందని ఒకరి ఫోను, లేదని ఇంకొకరి ఫోను. అమ్మ సంచిలో బట్టలు సర్దుతూ "ఎవుర్ని నమ్మేది నాయనా?" అంది.

టిక్ పెట్టి మళ్లీ టెస్ట్ పంపాం. పాట ఆగలేదు, పెట్టె రాసుకునే లాగ్‌లో ఒక లైన్ మాత్రం పడింది. మా కంప్యూటర్ నుంచే 'యాక్చువల్' అని పంపితే ఆగింది. అలా 11 సార్లు చూశాం. ఇంకోసారి చూద్దామన్నాను. ఎవరూ విసుక్కోలేదు.