మళ్ళీ శుక్రవారం అంట

మార్చి 1, 2016. మంగళవారం. ఆర్లండో.

మూడున్నరకల్లా లాప్‌టాప్ మూసేసి, మేనేజర్ సీటు వైపు చూడకుండా లిఫ్ట్ దాకా వెళ్ళిపోయా. పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేసి అలవాటు కొద్దీ ఫోన్ తీస్తే రాకెట్ ఇవాళ కూడా పోవట్లేదంట. పైన గాలులు మరీ ఎక్కువగా ఉన్నాయి, శుక్రవారానికి మార్చాం అని. ఇంజన్ ఆన్‌లోనే పెట్టుకుని ఓ ఐదు నిమిషాలు అట్నే కూర్చున్నా. పైకెళ్ళి మళ్ళీ పని చేసుకుందామంటే సిగ్గు, ఇంటికి పోయి మా ఆవిడకి మొహం చూపించాలంటే ఇంకో సిగ్గు. చివరికి ఇండియన్ స్టోర్‌కి పోయి కొత్తిమీర కట్టా పెరుగు డబ్బా కొన్నా. రెండూ ఇంట్లో ఉన్నాయని ఫ్రిజ్ తెరిచాక తెలిసింది.

నాలుగోసారి ఇది. రేపు ఎవరైనా అడిగితే మర్చిపోకుండా ఉండాలని రాసిపెట్టుకుంటున్నా, ఇంకేం లేదు.

ఎస్‌ఈఎస్-9 అని ఒక శాటిలైట్, లక్సెంబర్గ్ కంపెనీ ఎస్‌ఈఎస్ వాళ్ళది, తయారు చేసింది బోయింగ్. 5,271 కిలోలు. స్పేస్‌ఎక్స్ వాళ్ళ ఫాల్కన్ 9 రాకెట్ మీద కేప్ కెనావరల్ నుంచి పోవాలి. నాకేం సంబంధం అంటే, ఒకటి, మా ఇంటి నుంచి గంట ప్రయాణం. రెండోది అసలైంది, ఇది పోయి కూర్చునేది 108.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, ఆసియా మీద. ఇప్పుడు అక్కడున్న ఎస్‌ఈఎస్-7 నుంచే మా అమ్మ చూసే ఎయిర్‌టెల్ చానెళ్ళు దిగుతాయి, దీన్ని దాని పక్కనే పెడతారు. మాది సూళ్ళూరుపేట. మా డాబా మీద డిష్ తూర్పుకి కొంచెం ఆగ్నేయంగా తిరిగి ఉంటుంది, అంటే దాదాపు శ్రీహరికోట మీదుగా పైకి చూస్తా ఉంటుంది. చిన్నప్పుడు రాకెట్లు చూసింది కూడా ఆ డాబా మీద నుంచే. ఆ డిష్ చూసే చోటికి పోయే శాటిలైట్ నేనున్న ఊరి పక్క నుంచి పోతుందంటే చూడకుండా ఎట్లా ఉండేది?

దానికి తోడు డిసెంబర్ 21 సంగతి ఇంకా మనసులో ఉంది. ఆ రోజు స్పేస్‌ఎక్స్ వాళ్ళు ఆర్బ్‌కామ్ అనే కంపెనీ శాటిలైట్లు పంపి, రాకెట్ కింద భాగాన్ని వెనక్కి తెచ్చి నేల మీద నిలబెట్టారు, అట్లా ఎవరూ చెయ్యలేదు అంతకుముందు, ఆర్లండోలో ఇళ్ళ ముందు నిలబడి చూసినోళ్ళు ఉన్నారు. నేనేమో అప్పుడు సెలవుకి ఇండియాలో. రెండున్నరేళ్ళ నుంచి ఇక్కడున్నోడిని, ఆ ఒక్క వారం లేను. నిజానికి ఎస్‌ఈఎస్-9 దాని కంటే ముందే పోవాల్సింది. 2015 జూన్ 28న స్పేస్ స్టేషన్‌కి సామాన్లు తీసుకెళ్ళే వాళ్ళ రాకెట్ రెండు నిమిషాలు దాటాక గాల్లోనే పేలిపోయింది కదా, పై స్టేజిలో హీలియం సీసాని పట్టుకునే చిన్న కడ్డీ విరిగిందని తేల్చారు, దాంతో ఆరు నెలలు అన్నీ ఆగిపోయినయి, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆర్బ్‌కామ్‌ని ముందుకి జరిపి దీన్ని వెనక్కి నెట్టారు. అంటే ఆ శాటిలైట్ నా కంటే ఎక్కువ ఎదురు చూసింది.

సరే లెక్క.

ఫిబ్రవరి 24, బుధవారం. టైం సాయంత్రం 6:46. ఆఫీసు నుంచి ఒక్కడినే బయల్దేరా. టోల్ కట్టి బీచ్‌లైన్ రోడ్డు ఎక్కినాక తెలిసింది ఇవాళ వద్దనుకున్నారని, ఇంధనం నింపడం కూడా మొదలుపెట్టలేదు. ఆక్సిజన్ ఇంకా చల్లబడాలంట. ఈ చల్లదనం గొడవే అన్నిటికీ మూలం. మామూలుగా రాకెట్లో పోసే లిక్విడ్ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఈ కొత్త ఫాల్కన్‌లో మైనస్ 207 దాకా దించుతున్నారు. అంత చల్లగా ఉంటే దగ్గరపడి అదే టాంకులో ఎక్కువ పడుతుంది, ఎక్కువ బరువు మొయ్యొచ్చు. బానే ఉంది, కానీ పోసిన నిమిషం నుంచీ వేడెక్కడం మొదలు, అందుకే వదలడానికి అరగంట ముందు పోస్తారు, పోసాక ఆగడానికి లేదు. పెనం మీంచి దోశ తీసినట్టు, వేడి మీదే తినాలి, ఇక్కడ చల్ల మీదే వదలాలి.

ఫిబ్రవరి 25, గురువారం. ఈసారి టైటస్‌విల్ నది ఒడ్డు దాకా పోయా, పార్కింగ్ దొరికింది, కుర్చీ వేసుకుని కూర్చున్నా, నదికి అవతల దూరంగా లైట్లు. రెండు నిమిషాల లోపుకి వచ్చాక ఫోన్లో హోల్డ్ అన్నారు. మళ్ళీ ఆక్సిజనే, నింపడంలో ఏదో తేడా. పక్కన ఒక ముసలాయన, టోపీ మీద పాత స్పేస్ షటిల్ బాడ్జీ, కుర్చీ మడుస్తా నవ్వాడు. ఆయనకి ఇది అలవాటంట. నేను కూడా నవ్వా కానీ నాది నవ్వు కాదు. ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర.

ఫిబ్రవరి 28, ఆదివారం. ఇదే కడుపు మండించింది.

ఆదివారం కదా అని అందర్నీ లాక్కెళ్ళా. మా ఆవిడ పొద్దున్నే పులిహోర కలిపింది, చిన్నదానికి దోమల క్రీము, దుప్పటి, ఇంకో రెండు తెలుగు కుటుంబాలు, వాళ్ళలో మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు గుంటూరు నుంచి వచ్చున్నారు, ఆయన్ని కూడా తీసుకొచ్చాం, మొత్తం మూడు కార్లు. నాలుగున్నరకే పోయి నది పక్కన మంచి చోటు పట్టుకున్నాం. ఆకాశం నీట్‌గా ఉంది. సూర్యుడు దిగాక పోతే పొగ మీద కింద నుంచి ఎండ పడి రంగులు వస్తాయని నేనే అందరికీ క్లాసు పీకా, సూళ్ళూరుపేటోడిని కదా, ఆ మాత్రం చెప్పకపోతే ఎట్లా.

టైం దగ్గరపడ్డాక ఆపారు. సముద్రంలో ఖాళీగా ఉంచాల్సిన చోటికి బోటు ఒకటి వచ్చిందంట. బోటు! రాకెట్ దారిలో ఎవరూ ఉండకూడదని ముందే హెచ్చరికలు ఇస్తారు, మ్యాపులో గీతలు గీసి ఇస్తారు, అయినా ఎవడో నింపాదిగా పోతున్నాడు. పెద్దాయన అన్నారు, "బాబూ, ముహూర్తం సరిగ్గా చూసినట్టు లేరు, ఇవాళ రాహుకాలం ఎప్పుడో" అని. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరండీ, అది దాటాకే పెట్టుకున్నారు అన్నా. "అయితే దుర్ముహూర్తం అయ్యుంటుంది" అన్నారు, అంత తేలిగ్గా వదలరు ఆయన.

బోటు పోయింది. కొత్త టైం 7:21 అన్నారు. చీకటి పడింది, ఇంకా బాగుంటుందిలే అనుకున్నాం. చిన్నది పులిహోర చేత్తోనే లేచి నిలబడింది. ఒడ్డున జనం అంతా కలిసి లెక్కపెట్టారు, పది, తొమ్మిది, ఎనిమిది, అక్కడ అమెరికన్ పిల్లలు ఇక్కడ మన పిల్లలు, సున్నా అని అరిచారు. ఏం లేదు. నది అట్నే ఉంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి ఆపేసారు. ఫోన్లో వీడియో కొంచెం వెనక వస్తుంది కదా, అందులో అప్పుడు చూశాం, ఇంజన్లు అంటుకున్నాయి, పొగ వచ్చింది, ఆరిపోయినయి. శక్తి తక్కువగా వస్తోందని కంప్యూటరే ఆపేసింది. బోటు కోసం ఆగినప్పుడు ఆక్సిజన్ వేడెక్కింది, దానికి తోడు హీలియం బుడగ ఒకటి, రెండూ కలిసి అలారం మోగించాయని తర్వాత స్పేస్‌ఎక్స్ ఓనరు ఎలాన్ మస్కే రాశాడు.

"నాన్నా, బ్యాటరీ అయిపోయిందా?" అంది చిన్నది. కాదమ్మా అని మొదలుపెట్టి, ఎట్లా చెప్పాలో తెలీక, ఆఁ అట్లాంటిదే అన్నా.

ఆ రాత్రి వెనక్కి వచ్చేటప్పుడు కార్ల లైను కదలదు, వెనక సీట్లో చిన్నది నిద్ర, మా ఆవిడ ఏమీ మాట్లాడట్లా, అప్పుడు గుర్తొచ్చింది 2001. మార్చి 28, శ్రీహరికోట నుంచి ఇస్రో వాళ్ళ మొట్టమొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్. ఇంటర్ పరీక్షల గొడవ అప్పుడే వదిలి నేను డాబా మీద ఉన్నా, కింద టీవీ సౌండ్ పెద్దగా పెట్టారు, పక్కింటోళ్ళూ ఎదురింటోళ్ళూ అందరూ మా డాబా మీదే. అందులో పక్కన నాలుగు లిక్విడ్ మోటార్లు ముందు వెలుగుతాయి, నాలుగైదు సెకన్లు వాటిని చూసుకుని అప్పుడు మధ్యలో ఉన్న పెద్ద సాలిడ్ మోటారుని అంటిస్తారు, ఎందుకంటే అది అంటుకుంటే ఇంక ఆపలేరు, టపాకాయ లాంటిది. ఆ నాలుగింటిలో ఒకటి సరిగ్గా శక్తి ఇవ్వలేదు. కంప్యూటర్ ఆపేసింది. మా డాబా మీద కూడా ఇట్నే అయింది, అరవడానికి నోళ్ళు తెరిచి మూసుకున్నారు. మా నాన్న మాత్రం మెల్లగా "మంచిదే, లేచాక చెడితే ఏం చేసేది" అని కిందకి దిగిపోయాడు. మూడు వారాలకి, ఏప్రిల్ 18న, లేచింది.

అది తలుచుకుంటే కోపం తగ్గాలి. తగ్గలా. అప్పుడు మేం ఎక్కడికీ పోలేదు కదా, ఇంటి మెట్లెక్కాం, దిగాం. నాన్నకి టోల్ లేదు, సెలవు పెట్టింది లేదు, పులిహోర లేదు. ఇక్కడ ప్రతిసారీ ఒక రోజు ఆగండి, రెండు రోజులు ఆగండి అంటారు, ఆ రోజు కోసం పనులన్నీ పక్కకి జరుపుకుంటాం, తీరా అరగంట ముందో అర నిమిషం ముందో లేదంటారు. నెల రోజులు వాయిదా అంటే హాయిగా మర్చిపోతాం, ఈ "రేపే"తోనే చావు.

ఇంకా చిరాకేందంటే తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు. చలిని తిడతామా, బుడగని తిడతామా. ఆ బోటోడిని తిట్టొచ్చు, కానీ వాడెవడో తెలీదు. ఇవాళేమో గాలి. ఇక్కడ కింద చెట్టు ఆకు కదలట్లా, పైన ఎక్కడో ఒక ఎత్తులో గాలి ఒక్కసారిగా మారిపోతుందంట, శబ్దం కంటే స్పీడుగా పైకి పోయేదానికి అది సమ్మెట దెబ్బలాగా తగులుతుందంట. చదివితే కరెక్టే అనిపిస్తుంది. ప్రతి కారణమూ కరెక్టే, అదే నా బాధ.

ఎస్‌ఈఎస్ వాళ్ళకైతే ఇది కొత్త కాదు. 2013లో వాళ్ళ ఎస్‌ఈఎస్-8 ఫాల్కన్ 9 మీద పోయినప్పుడూ ఇంతే, నవంబర్ 25న ఒకసారి ఆగింది, సరిగ్గా థాంక్స్ గివింగ్ రోజున ఇంజన్లు వెలిగి ఆరిపోయినయి, డిసెంబర్ 3న పోయింది. అయినా వాళ్ళు మళ్ళీ దీని దగ్గరికే వచ్చారు, రేటు తక్కువ కదా మరి. పైగా ఇన్నాళ్ళ ఆలస్యానికి స్పేస్‌ఎక్స్ వాళ్ళు ఈసారి రాకెట్‌ని ఇంకాస్త ఎక్కువ కాల్చి శాటిలైట్ తన చోటికి తొందరగా చేరేట్టు చేస్తామని ఒప్పుకున్నారు, అందుకే రాకెట్ కింద భాగం సముద్రంలో బార్జ్ మీద దిగడం ఈసారి డౌటే అని ముందే చెప్పేసారు. కస్టమర్‌కి అట్లా ఏదో ఒకటి ముడుతుంది. ఒడ్డున కూర్చున్నోడికి దోమలు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఏమీ అడగలేదు. పెరుగు డబ్బా చూసి అర్థం చేసుకున్నట్టుంది. అన్నం తినేటప్పుడు మాత్రం "శుక్రవారం నేను రాను, పులిహోర కూడా కలపను, అది పైకి పోయాక వచ్చి చెప్పండి, అప్పుడు పాయసం చేస్తా" అంది. చిన్నది తలెత్తకుండా, "అది ఎగరదు నాన్నా, దానికి భయం" అంది.

రాత్రి ఎనిమిదికి అమ్మకి ఫోన్ చేశా, అక్కడ బుధవారం పొద్దున ఆరున్నర, కాఫీ టైం. నాలుగోసారి కూడా ఆగిందని చెప్తే, "ఏందిరా, ఇంకా వదల్లేదా? ఇక్కడైతే శ్రీహరికోట షార్ సార్లు ముందు చెంగాళమ్మ దగ్గరికొచ్చి దండం పెట్టుకుని పోతారు, వాళ్ళు యాడికీ పోరా?" అంది. అక్కడ చెంగాళమ్మ గుడి లేదమ్మా అన్నా. "అయితే నువ్వన్నా మొక్కుకో" అంది. మన టీవీ చానెళ్ళు వచ్చే చోటికే అమ్మా అది పోయేది అని మళ్ళీ చెప్పా, మూడోసారో నాలుగోసారో చెప్పడం. "మా టీవీ బానే వస్తా ఉందిరా" అంది.

శుక్రవారం అయినా టైం ఇదే, సాయంత్రం ఆరున్నర దాటాక, అంటే అమ్మకి శనివారం తెల్లారి ఐదు. లేచుంటావు కదా, వీడియో కాల్ చేస్తా, లైవ్‌లో చూద్దువు అన్నా. కాసేపు ఏం మాట్లాడలా, గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"పోయినాక చెయ్యి నాయనా. పోతదంట అని మాత్రం చెయ్యబాక."