మా సెక్షన్ అందరికీ ఒకటే మెయిల్ ఐడీ

2010లో మేం బీటెక్ చదివేటప్పుడు వాట్సాప్ గ్రూపులు లేవు, సెక్షన్‌లో అరవై మందికి కలిపి ఒకటే జీమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. సార్లు పీపీటీలు, అసైన్‌మెంట్ ప్రశ్నలు దానికే పంపేవాళ్లు, మేం సాయంత్రం నెట్ సెంటర్‌కెళ్లి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ తీయించుకునేవాళ్లం. హాస్టల్లో లేనివాళ్లకి అదే దిక్కు.

ఇబ్బంది ఎక్కడంటే, ఒకళ్లు మెయిల్ తెరిస్తే చాలు కొత్త మెయిల్ అని చూపించే బోల్డ్ అక్షరాలు మామూలుగా అయిపోయేవి, మిగతా యాభై తొమ్మిది మందికి అది పాత మెయిల్‌లాగే కనపడేది, నాకు ఒక ల్యాబ్ రికార్డ్ డేట్ అలాగే మిస్సయింది, చాలా బాధపడ్డా. ఓసారి మిడ్ పరీక్షలకి రెండ్రోజుల ముందు ఎవరో యూనిట్ నోట్స్ అన్నీ డిలీట్ చేసేశారు, ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయని మా సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్‌కి) తెలియబట్టి బతికిపోయాం.

తర్వాత తనే గూగుల్ గ్రూప్ పెట్టి అందరి ఐడీలూ ఒక్కొక్కటీ టైప్ చేసి కలిపాడు. ఒక అడ్రస్‌కి పంపితే ఎవరి ఇన్‌బాక్స్‌లో వాళ్లకి వచ్చేది, ఒకడు తీసేసినా మిగతావాళ్లది పోదు. ఇప్పుడు మా చెల్లి క్లాస్ వాట్సాప్ గ్రూప్ చూస్తే గుడ్ మార్నింగుల కింద ఎగ్జామ్ టైమ్‌టేబుల్ ఎక్కడుందో దొరకదు. నావరకైతే క్లాస్ విషయాలకి ఇప్పటికీ మెయిలే మేలు, అప్పటి డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్ట్) నోట్స్ మొన్న వెతికితే ఒక్క నిమిషంలో దొరికాయి.