ఎద్దులకు ఉలవలు, మనకు చారు

విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పద్దులు రాయడం నా పని. పొద్దున పదింటికి పరుపు మీద కూర్చుంటే మళ్లీ భోజనానికే లేవడం. ఈ వేసవిలో ఒకరోజు లేవబోతే తొడలు మొరాయించాయి. ఒక చేత్తో రాతబల్ల, ఇంకో చేత్తో పక్కనున్న కుర్రవాడి భుజం పట్టుకుని లేచాను. యాభై రెండేళ్లకే ఇదేమిటని డాక్టరు దగ్గరికి వెళ్లాను. పరీక్షలన్నీ చూసి, ‘‘జబ్బేమీ లేదు, కండ తగ్గుతోంది. వ్యాయామం చేయండి, ప్రొటీన్ సరిగా తినండి’’ అన్నారు. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన మా అబ్బాయి రెండో మాట ఒక్కటే విన్నట్టున్నాడు, ఆ సాయంత్రమే తను తాగే ప్రొటీన్ పొడి డబ్బా నాకు కూడా తెప్పించబోయాడు. ఆగమన్నాను. లెక్క చూడకుండా ఏదీ కొనలేని జన్మ నాది.

పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. నేను 68 కిలోలు. అంటే 56 గ్రాముల పైచిలుకు. వారం రోజులు తిన్నదల్లా తూచి నోటుపుస్తకంలో రాశాను. ‘‘కొట్లో పద్దులు చాలక వంటింట్లో కూడానా?’’ అని మా ఆవిడ విసుక్కుంది గానీ, మూడో రోజుకల్లా తనే త్రాసు ముందు కూర్చుంది.

పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు, రాత్రి రెండు చపాతీలు, మధ్యలో రెండు టీలు. ఏ రోజూ నలభై దాటలేదు. అందులోనూ పెద్ద వాటా బియ్యానిదే. పప్పు లేనిదే ముద్ద దిగదని గొప్పగా చెప్పుకునే ఇల్లు మాది. తూచి చూస్తే నా వంతుకు వచ్చే కందిపప్పు ముప్ఫై గ్రాములు, దాన్నుంచి వచ్చే ప్రొటీన్ ఆరున్నర గ్రాములు. పప్పన్నం తింటున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి అన్నానికి పసుపు రంగు వేసుకుంటున్నాను.

అప్పుడే కంకిపాడు దగ్గర మా తాతగారి ఇల్లు గుర్తుకొచ్చింది. సాయంత్రం పెరట్లో పొయ్యి మీద పెద్ద కుండతో ఉలవలు ఎక్కించేవారు. పిడకల సెగ మీద రాత్రంతా ఉడికేవి. తెల్లవారి ఆ నీళ్లు వార్చి, చింతపండు పులుసు పోసి చిక్కగా కాచి, మీగడ వేసుకుని మేము జుర్రుకునేవాళ్లం. ఉడికిన గింజలు మాత్రం గంపకెత్తి ఎద్దుల ముందు పోసేవారు. వంద గ్రాముల ఉలవల్లో ఇరవై గ్రాములకు పైగానే ప్రొటీన్, అందులో చాలా భాగం గింజలోనే ఉంటుంది. ఎద్దులకు కండ, మాకు రుచి. ఆ పంపకం చేసింది ఎవరో గానీ, ఎద్దుల తరఫు మనిషే అయి ఉండాలి.

సరే, పొడి సంగతి. అందులో విషమేమీ లేదు. ఇంట్లో పన్నీరు చేయడానికి పాలు విరిచినప్పుడు పచ్చటి నీళ్లు మిగులుతాయి కదా, చీజ్ తయారుచేసే ఫ్యాక్టరీలో అవే నీళ్లను వడకట్టి ఆరబెడితే వే ప్రొటీన్. మా వాడు వాడే రకంలో ఒక గరిటె 33 గ్రాములు, ప్రొటీన్ 24. కిలో డబ్బాకు వాడు పెట్టింది 3,200 రూపాయలు. ముప్ఫై గరిటెలు వస్తాయి, గరిటె సుమారు 107 రూపాయలు. మాకు పెసలు కిలో 130 పడ్డాయి. వంద గ్రాములకు పదమూడు రూపాయలు, ప్రొటీన్ అదే 24. నాలుగు గుడ్లు ఇరవై ఎనిమిది రూపాయలు, ప్రొటీన్ దాదాపు అంతే.

పద్దు అన్నాక ఖర్చు వైపు కూడా చూడాలి. ఆ వంద గ్రాముల పెసలతో అరవై గ్రాముల పిండిపదార్థం కూడా వస్తుంది, పొడిలో అది నామమాత్రం. నేను ఇడ్లీలు మానేసి పెసరట్టు తింటున్నాను కాబట్టి నాకు చెల్లిపోయింది. అన్నీ తింటూ ఇదీ తింటే పొట్టే పెరుగుతుంది. మీల్‌మేకర్ అయితే ఎండు తూకంలో సగం ప్రొటీనే. ఖాతా ప్రకారం అదే గెలవాలి. కానీ ఆ తడి స్పాంజి నమలడం నా వల్ల కాదు.

డబ్బా విషయంలో నన్ను భయపెట్టింది ధర కాదు, లోపల ఏముందో తనిఖీ చేయలేకపోవడం. మా వాడు మొదటిసారి తగ్గింపు ధరకు ఒక కొట్టులో కొన్న డబ్బా మీద బ్యాచ్ నంబరు చెరిగిపోయి ఉంది. కలిపితే ఉండలు కట్టింది, పాయసంలా తియ్యగా ఉంది. పారబోశాం. ప్రొటీన్ ఎంతుందో తెలుసుకునే మామూలు పరీక్షలో నత్రజనిని కొలిచి, దాన్నుంచి లెక్క కడతారు. నత్రజని ఉన్న చౌక సరుకు కలిపినా అంకె పెరుగుతుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడికి వెళ్లే పాలలో మెలమైన్ అనే రసాయనం కలిపింది ఈ సందులోంచే. ఖాళీ పెట్టెలు పేర్చి సరుకు చూపించే వ్యాపారులను చూసినవాణ్ని, ఇది నాకు కొత్త కాదు. పెసలలో రాళ్లో మట్టో కలిపితే చేటలో తేలిపోతుంది.

ఇప్పుడు రాత్రి పూట మా వాడి ఖాళీ డబ్బాలోని గరిటెతోనే పొట్టు పెసలు రెండు గరిటెలు నానబోస్తున్నాం. వంద గ్రాములకు కొంచెం ఎక్కువే తూగుతాయి. పొద్దున గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిరపకాయలు వేసి రుబ్బితే ఇనప పెనం మీద మూడు అట్లు. ఇడ్లీల దగ్గర ఎనిమిది ఉన్న అంకె ఇరవై నాలుగు దాటింది, నా లోటు దాదాపు అక్కడే పూడింది. రాత్రికి ఒక గుడ్డు. డాక్టరు చెప్పిన మొదటి మాట కూడా మరవలేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పొద్దున ఇరవై సార్లు లేచి కూర్చుంటున్నాను.

2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ఈ పొడులు వద్దనే ఉందని మా వాడికి ఫోనులో చెప్పాను. ‘‘నాన్నా, బరువులెత్తే నాకు రోజుకు 110 గ్రాములు కావాలి. మెస్సులో నాకోసం మూడు పెసరట్లు ఎవరు వేస్తారు?’’ అన్నాడు. ఆ మెస్సు సాంబారు తిన్నవాణ్ని, ఎదురు చెప్పలేకపోయాను. రెండు గరిటెలకు బదులు ఒకటే తాగి, మిగతాది గుడ్లతో సరిపెట్టుకునేలా రాజీ కుదిరింది.

మొన్న ఆదివారం ఉలవలు తెచ్చాను. కుక్కరులో ఉడకబెట్టి మా ఆవిడ చారు కాచింది. గింజలకు నేను ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టుకుని గిన్నెడు తిన్నాను. రెండోసారి వడ్డించుకుంటుంటే అంది, ‘‘ఇంకేం, తొట్టి కూడా కట్టించమంటారా?’’